అద్దె కుర్చీలో ఓనరమ్మ

నీలమ్మకు కోపం వస్తే ముందు వెల్డింగ్ మిషను ఆపేస్తుంది. చేతిలో నిప్పు పెట్టుకుని ఎవరినీ తిట్టకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. ఆ మంగళవారం పొద్దున పది గంటల్లోపే ఆ మిషను నాలుగుసార్లు ఆగింది.

కారణం ఒక ఉత్తరం. జిల్లా ఆఫీసు నుంచి వచ్చింది. ‘మీ యూనిట్‌కు మీరు అసలైన యజమాని కారనీ, మీ పేరు అడ్డం పెట్టుకుని వేరెవరో నడిపిస్తున్నారనీ ఫిర్యాదు అందినది. గురువారం పదకొండు గంటలకు తనిఖీ జరుగును. ఫిర్యాదు నిజమని తేలినచో టెండరు రద్దగుటయే గాక మూడేళ్లపాటు మీ యూనిట్ పేరు నల్లజాబితాలో చేర్చబడును.’

"నేను ఓనర్ను కానట!" అంది నీలమ్మ, వెల్డింగప్పుడు కళ్లకు అడ్డం పెట్టుకునే నల్ల అద్దం పక్కన పడేసి. "మరి పన్నెండేండ్ల సంది ఈ షెడ్డుల కండ్లు కాల్చుకుంటున్నది ఎవలు? మా అత్తనా?"

అత్తను అనకూడదు పాపం, ఆవిడ పోయి ఏడేళ్లయింది. కానీ కోపంలో ఉన్న మనిషికి బతికినవాళ్లనీ చచ్చినవాళ్లనీ తేడా ఏముంటుంది!

నీలమ్మ షెడ్డు జహీరాబాద్ నుంచి బీదర్ పోయే రోడ్డు మీద, పంక్చర్ షాపుకీ చెరుకురసం బండికీ మధ్యలో ఉంది. గేట్లు, కిటికీ జాలీలు, ఇనుప మంచాలు, బడి బెంచీలు చేస్తుంది. పుట్టిల్లు ఝరాసంగం. పెళ్లయిన కొత్తలో ఓ వెల్డింగ్ షాపులో ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ పని చూసింది, చూస్తూ చూస్తూ నేర్చుకుంది, చివరికి ఆ షాపు ముసలాయన మిషను అమ్ముకుని వెళ్లిపోతుంటే తనే కొనేసింది. మొగుడు ప్రకాశం షేరింగ్ ఆటో నడుపుతాడు. మనిషి మంచివాడు, నోరు ఇంకా మంచిది, దానికి అలుపన్నది తెలియదు. వెల్డింగ్ గురించి మాత్రం ఆయనకు తెలిసిందల్లా, ఆ వెలుగు వంక చూస్తే రాత్రి కళ్లు మండుతాయని.

ఇక టెండరు సంగతి. సర్కారు ఏటా బడులకు బెంచీలు కొంటుంది. అందులో కొంత భాగం ఎస్సీ ఆడవాళ్లు నడిపే చిన్న యూనిట్లకే ఇవ్వాలని రూలుంది. ధరావతు కట్టక్కర్లేదు, పెద్ద కంపెనీలతో పోటీ పడక్కర్లేదు. చాలా మంచి రూలు. ఎంత మంచిదంటే, ఊళ్లో డబ్బున్న సుదర్శన్ సేటుకు కూడా తెగ నచ్చేసింది. ఆ సేటు ఎస్సీ కాదు, ఆడదీ కాదు, చిన్నవాడు అసలే కాదు. అయితేనేం, ఆయనకు వంటమనిషి ఉంది, డ్రైవరు పెళ్లాం ఉంది, తోటమాలి మరదలు ఉంది. అలా ఆరుగురి పేర్ల మీద ఆరు యూనిట్లు పెట్టాడు. ఆరింటికీ బోర్డులున్నాయి, ఒక్కదానికీ వెల్డింగ్ మిషను లేదు. ఆర్డర్లు వాళ్ల పేరు మీద వచ్చేవి, బెంచీలు మాత్రం నీలమ్మ షెడ్డులో తయారయ్యేవి, కూలి లెక్కన.

ఎనిమిదేళ్లు అలా చేశాక ఓ రోజు నీలమ్మకు బుర్రలో దీపం వెలిగింది. "ఆ రూల్ల రాసింది నా గురించే కదా! నా గురించి రాసిన కాగితం మీద నేను ఎందుకు ఉండొద్దు?" అనుకుంది. నెట్ సెంటర్‌లో కూర్చుని యూనిట్ రిజిస్టర్ చేయించింది, తన పేరు మీదే టెండరు వేసింది. అందరికన్నా తక్కువ రేటు ఆమెదే. మూడు వందల బెంచీలు! శాంపిల్ బెంచీ ఒకటి చేసి సిద్ధంగా పెట్టింది కూడా. పుట్టింటి ఊరి నుంచి ఇద్దరు ఆడపిల్లలను పనికి పెట్టుకుంటానని మాటిచ్చింది. సరిగ్గా అప్పుడు సుదర్శన్ సేటు పిటిషన్ పడేశాడు, నీలమ్మ బినామీ అని. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే.

"ఫికర్ చెయ్యకు వదినా," అన్నాడు నర్సింగ్.

నర్సింగ్ ప్రకాశానికి పిన్ని కొడుకు, వరసకు తమ్ముడు. ఊళ్లో టెంటుహౌస్ నడుపుతాడు. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తాడు. వాటితోపాటు సలహాలు ఉచితంగా ఇస్తాడు. మంగళవారం మధ్యాహ్నానికే వచ్చి షెడ్డు మధ్యలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు.

"ఇట్లుంటే నువ్వు ఓనర్ అని నీ మొగడు గూడ నమ్మడు," అన్నాడు. "అగో, ఆ చీర చూడు. ఆ పైన మగోళ్ల చొక్కా ఏంది? ఆ బూట్లేంది? నేలమీద కూసునుడేంది? ఓనర్ అంటే ఎట్లుండాలె?"

"ఎట్లుండాలె?" అంది నీలమ్మ.

"నేను చూసిన వదినా! సుదర్శన్ సేటు ఆరు ఆఫీసులు పెట్టిండు కదా, ఆరింటికి సెట్టింగ్ నాదే. కుర్చీ, టేబులు, పూలకుండీ అన్నీ నావే. ఆరుగురు ఓనరమ్మల్ని కూసోబెట్టిన. ఒక్కటి ఫెయిల్ కాలే!"

నీలమ్మకు మనసులో ఏదో గుచ్చుకుంది. ఆరుగురు దొంగ ఓనర్లను కూర్చోబెట్టినవాడు నిజం ఓనరును కూర్చోబెట్టలేడా అని సర్దిచెప్పుకుంది. అక్కడే తప్పు చేసింది. కానీ ఆ సమయంలో మీరూ నేనూ ఉన్నా అలాగే చేసేవాళ్లం. నల్లజాబితా అంటే మాటలా! మూడేళ్లంటే మళ్లీ సేటు గడప దగ్గరికి వెళ్లి కూలికి బెంచీలు చేయడం.

"మరి నేనేం మాట్లాడాలె?" అని అడిగింది.

"ఏం మాట్లాడొద్దు! ఓనర్లు మాట్లాడరు వదినా. ఓనర్లు తల ఊపుతరు. మాట్లాడనీకి మేనేజర్ ఉంటడు."

"మేనేజర్ ఎవలు?"

ప్రకాశం గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఆ ఉద్యోగం అప్పుడే వచ్చినట్టు, అప్పుడే జీతం సరిపోవట్లేదన్నట్టు ముఖం పెట్టాడు.

బుధవారమంతా షెడ్డు తలకిందులైంది. నర్సింగ్ ఆటో ట్రాలీలో సామాను దింపాడు. చక్రాల కుర్చీ ఒకటి, తిప్పితే తిరిగేది. అద్దం టేబులు, ప్లాస్టిక్ గులాబీలు, ఓ గ్లోబు, తీగ లేని టెలిఫోను. ఇనుప రజను ఊడిపించి నేల కడిగించాడు, గుమ్మంలో ముగ్గేయించాడు. పాత ఇనుము, పైపులు, వెల్డింగ్ మిషను, గ్రైండరు, అన్నింటినీ వెనక్కి నెట్టి వాటి ముందు పెళ్లిపందిరి పరదా కట్టించాడు. ఎర్రటి పరదా, బంగారు అంచు. శాంపిల్ బెంచీని కూడా దాని వెనకే పెట్టేశాడు. ‘ప్రొప్రైటర్: శ్రీమతి నీలమ్మ’ అని ఫ్లెక్సీ వేయించాడు. దాని మీద నీలమ్మ ఫోటో, వెనకాల ఎక్కడివో మంచు కొండలు.

"మన దగ్గర మంచు ఎక్కడిదిరా?" అంది నీలమ్మ.

"పెద్ద ఓనర్ అనిపియ్యాలె కదా వదినా," అన్నాడు నర్సింగ్. మంచు కొండలకూ ఓనరుగిరీకీ సంబంధమేమిటో ఆయనకే తెలియాలి.

గురువారం పదకొండుకు ఐదు నిమిషాల ముందే తనిఖీ ఇంజినీరు సూర్యనారాయణ దిగాడు. గోదావరి వైపు మనిషి, ఇరవై ఏళ్ల కిందట ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రిటైరయ్యాక సర్కారు తరఫున యూనిట్లు తనిఖీ చేసే పని తీసుకున్నాడు. సన్నగా, తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కాలో ఉంటాడు. చంకలో ఫైలు. తలుపు దగ్గర ముగ్గు చూసి, దాన్ని తొక్కకుండా జాగ్రత్తగా దాటి లోపలికొచ్చాడు.

లోపల చక్రాల కుర్చీలో పట్టుచీర కట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో మూత తీయని పెన్నుతో నీలమ్మ కూర్చుంది. అలవాటు లేని కుర్చీ కదా, అది ఆమె మాట వినకుండా ఎడమవైపు తిరిగిపోతోంది. కాలి బొటనవేలితో నేలను పట్టుకుని దాన్ని నిలబెట్టింది.

"నమస్కారమండీ," అన్నాడు సూర్యనారాయణ. "నీలమ్మగారంటే మీరేనా?"

నీలమ్మ తల ఊపింది.

"మేడం గారే సార్!" అన్నాడు ప్రకాశం. "నేను మేనేజర్ను. మీకు ఏం గావాలన్నా నన్నడుగున్రి."

"ఈ యూనిట్ ఎన్నేళ్ల నుంచి నడుపుతున్నారండీ?"

నీలమ్మ పన్నెండు అందామని నోరు తెరిచింది. పరదా పక్కన నిలబడ్డ నర్సింగ్ కనుబొమ్మలెగరేశాడు. ఆమె నోరు మూసుకుని తల ఊపింది.

"మస్తు ఏండ్ల సంది సార్," అన్నాడు ప్రకాశం.

"బెంచీకి ఏ పైపు వాడతారు? గేజి ఎంత?"

ప్రకాశం ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆగడం ఆయన రక్తంలో లేదు. "బ్రాడ్‌గేజి సార్!" అన్నాడు గర్వంగా. "మీటరుగేజి మా మేడం ముట్టనే ముట్టదు."

నీలమ్మకు నల్ల కళ్లద్దాల వెనక కళ్లు తిరిగాయి. ఆయన అడిగింది పైపు మందం, రైలు పట్టాల వెడల్పు కాదు. పద్దెనిమిది గేజి, పద్దెనిమిది, అని నాలుక చివర వరకూ వచ్చింది. మింగింది. సూర్యనారాయణ ఫైల్లో ఏదో రాసుకున్నాడు. ఆ రాత చూస్తే గేజి అంకె రాసినంత పొట్టిగా లేదు.

"పని జరిగే చోటు ఎక్కడండీ?"

"ఇదే సార్!"

"ఇక్కడా?" ఆయన కడిగిన నేల చూశాడు. ప్లాస్టిక్ గులాబీలు చూశాడు. గ్లోబును వేలితో తిప్పాడు. తర్వాత టెలిఫోను ఎత్తి, తీగ కోసం కింద వెతికి, మర్యాదగా మళ్లీ పెట్టేశాడు. "ఇంత శుభ్రమైన వెల్డింగ్ షాపు నా సర్వీసులో చూడలేదండీ. ఒక్క నిప్పురవ్వ మచ్చైనా లేదు."

"మా మేడంకు సఫాయి అంటే పాణం సార్," అన్నాడు ప్రకాశం.

సూర్యనారాయణ నవ్వలేదు. నెమ్మదిగా నీలమ్మ వెనక్కి వెళ్లాడు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, వంగి చూశాడు. అక్కడ తెల్ల పెయింటుతో ‘న.టెం.హౌ.’ అని రాసి ఉంది. టెంటుహౌస్ వాళ్లు గరిటె నుంచి గుండిగ దాకా దేని మీదైనా పేరు రాయకుండా అద్దెకివ్వరు. లేకపోతే పెళ్లిలో వంద కుర్చీలు పోతే తొంభై వస్తాయి మరి! నర్సింగ్‌కు అదో గొప్ప. ఆయన కుర్చీ ఒక్కటి కూడా ఈ రోజు వరకూ పోలేదు.

"అమ్మా, ఈ కుర్చీ నాకు పాత చుట్టం," అన్నాడు సూర్యనారాయణ. "ఫిబ్రవరిలో ఓ డ్రైవరుగారి భార్య కూర్చుని ఉండగా చూశాను. మార్చిలో ఓ వంటావిడ. పోయిన నెల ఇంకొకావిడ. అదే కుర్చీ, అవే గులాబీలు, అదే గ్లోబు. అందరూ పట్టుచీరలే. అందరూ తల ఊపేవారే. మాట్లాడ్డానికి పక్కన ఓ మేనేజరు. ఆ మూడు యూనిట్లూ బినామీలని నేనే రాసి పంపాను."

అందరి కళ్లూ నర్సింగ్ వైపు తిరిగాయి.

"ఫెయిల్ అయినయా?" అన్నాడు నర్సింగ్, గొంతు పీలగా. "అందుకేనా సేటు సామాను జల్ది వాపసు పంపింది! నేను... అడుగలే."

ఆరు పెళ్లిళ్ల పెద్ద, ఒక్క పిల్లకూ ఏమైందో అడగలేదట! నీలమ్మకు ఒళ్లు మండిపోయింది. అయితే ఆపడానికి మిషను లేదు, అది పరదా వెనక ఉంది. పట్టుచీరలో కుర్చీలో కదలకుండా కూర్చున్న ఆమెకు ఎక్కడ లేని ఏడుపూ ముంచుకొచ్చింది. పన్నెండేళ్లు నిజంగా పని చేసినప్పుడు ఎవడూ ఆమెను ఓనరు అనలేదు. ఓనరు వేషం వేసిన రోజే దొంగైపోయింది.

"సార్, నేనే ఓనర్ను. దేవుని తోడు," అంది.

"వాళ్లూ ఇదే అన్నారమ్మా," అన్నాడాయన జాలిగా, పెన్ను మూత తీస్తూ. "నిజంగా కష్టపడే ఆడవాళ్ల కోసమని సర్కారు పెట్టిన రూలు. ఎవడో తినేసి పోతుంటే నాకు కడుపు రగులుతుందండీ. నన్నేం చెయ్యమంటారు?" ఫైలు టేబులు మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక ఇనుప మంచం కోడు దిగింది. దాని వెనక దాన్ని పట్టుకున్న మనిషి దిగింది. మొగుడంపల్లి సంగమ్మ. మనిషి నిండుగా ఉంటుంది, గొంతు ఇంకా నిండుగా ఉంటుంది. ఆమె వెనకాల, అంతే నిండుగా ఉన్న ఇంకొకావిడ నడుం పట్టుకుని కుంటుతూ దిగింది.

"ఎవల్రా ఈడ ఓనరు!" అంటూ సంగమ్మ ముగ్గంతా తొక్కుకుంటూ లోపలికి వచ్చేసింది. "నిన్న కొత్త మంచమని మా వియ్యపురాలిని కూసోబెట్టి నేనూ పక్కకు కూసున్న. కూసున్నమో లేదో ఫట్టుమని కోడూడింది! ఇద్దరం కిందబడ్డం. మా వియ్యపురాలి నడుం పోయింది. నా ఇజ్జత్ పోయింది. ఇప్పుడే సంబంధం కలుపుకున్నం, మంచమే లేనోళ్లకు పిల్లనెట్లిస్తమని అంటున్నది!"

"అన్ననే అన్న, మల్ల గూడ అంట," అంది నడుం పట్టుకున్న వియ్యపురాలు.

సంగమ్మ చుట్టూ చూసింది. మంచం చెప్పిన రోజు చొక్కా బూట్లలో చూసిన నీలమ్మను ఇక్కడి పనిమనిషనే అనుకుంది, ఇప్పుడీ పట్టుచీర నల్లకళ్లద్దాల ఆవిడను గుర్తుపట్టనే లేదు. ఇస్త్రీ చొక్కా సూర్యనారాయణను వదిలేసింది. ఛాతీ విరుచుకుని టేబులు పక్కన నిలబడ్డ ప్రకాశాన్ని చూసింది. వెళ్లి కోడు ఆయన గడ్డం కింద పెట్టింది.

"నువ్వేనా ఓనరు?"

"అయ్యయ్యో, నేను గాదక్కా!" అన్నాడు మేనేజరు. "నాకేం తెల్వది! నేను ఆటో నడుపుకునేటోన్ని. వెల్డింగ్ అంటే ఏందో నాకు ఎరికనే లేదు. అంతా మా ఆమెదే! షెడ్డు ఆమెదే, మిషను ఆమెదే, మంచం ఆమెనే జేసింది!" అంటూ అంటూనే టేబులు చుట్టూ వెనక్కి నడిచి గ్లోబు వెనక దాక్కున్నాడు. గ్లోబు వెనక మనిషి ఎంతవరకు దాక్కోగలడో చెప్పనక్కర్లేదు.

"మరి నువ్వా?" కోడు నర్సింగ్ వైపు తిరిగింది.

"నాది టెంటుహౌస్ అక్కా! కుర్చీ ఒక్కటే నాది!" అని నర్సింగ్ పరదా వెనక్కి దూరాడు. లోపల ఏదో డబ్బా తన్ని పెద్ద చప్పుడు చేశాడు.

సూర్యనారాయణ రాయడం ఆపాడు.

నీలమ్మ కళ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టింది. కుర్చీలోంచి లేచింది. "ఇటియ్యి సంగమ్మక్కా," అంది, కోడు తీసుకుని వెలుగులోకి తిప్పింది.

ప్రకాశం గ్లోబు పక్కనుంచి గుసగుసలాడాడు. "మనది గాదని చెప్పవే. సారున్నడు. మనం జేసిన మంచం ఇరిగిందంటే బెంచీలెవరిస్తరు? వేరేటోళ్లు జేసిందని చెప్పు, అయిపోతది."

ఆ మాట నిజమే. కాదంటే కాదయిపోతుంది. ఇనుము మీద ఎవరి పేరూ ఉండదు. నీలమ్మ అతుకు ఊడిన చోట వేలితో తడిమింది. అతుకు లోపలికి దిగలేదు, పైపైన కూర్చుంది. ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. కరెంటు డల్లుగా ఉంది, మబ్బు పట్టింది, మొగుడంపల్లి చివరి ఆటోకు మంచం ఎక్కించాలని తొందర. మిషను మూలుగుతోందని తెలిసీ అతుకు కొట్టేసింది. తెలిసే కొట్టింది.

"తప్పు నాదే అక్కా," అంది. "ఆ దినం కరెంటు సక్కగ లేదు. ఆగాల్సింది, ఆగలే. మిగిలిన మూడు కోళ్లు గూడ నేను జూడాలె, అవి గూడ అదే దినం కొట్టిన. మంచం మొత్తం తెచ్చియ్యి. కాదు, నువ్వు మోయొద్దు, మా ఆయన ఆటో పంపిస్త. పెద్దమ్మా, నీకెక్కడ తగిలింది? నడుమేనా? దవాఖానకు పోయొచ్చినవా?" వియ్యపురాలి దగ్గరికెళ్లి నడుం పట్టుకుని చూసింది. "పోలేదా! మీరిద్దరు నా మీద లొల్లి జేయనీకి వచ్చిన్రు గని దవాఖానకు పోలేదా? ఓ మనిషీ! ఆ గ్లోబు ఇడిచిపెట్టి బయటికి రా. పెద్దమ్మను దవాఖానకు తోలుకపోవాలె. నర్సింగ్, ఆ పరదా పీకెయ్యి, మిషను బయటికి తియ్యి. కనెక్షన్ పెట్టు. రాడ్లు రెండో నంబరు డబ్బల ఉంటయ్, మూడోదాన్ల తేమ పట్టినయ్ ఉన్నయ్, అవి ముట్టకు!"

ప్రకాశం బయటికొచ్చాడు. పరదా ఊడి కింద పడింది. పైపులు, గ్రైండరు, మిషను, నల్లటి నేల, ఓ మూల నర్సింగ్, ఇంకో మూల శాంపిల్ బెంచీ, అన్నీ ఒకేసారి బయటపడ్డాయి.

సూర్యనారాయణ పెన్ను పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. "ఇంతసేపూ ఈ నోరు ఎక్కడ దాచారమ్మా?"

"ఓనర్లు మాట్లాడరని చెప్పిన్రు సార్," అంది నీలమ్మ. ఇక దాచేదేముంది? కడుపులో ఉన్నదంతా కక్కేసింది. "నాకు కుర్చీ లేదు సార్, నేను కిందనే కూసుంట. పట్టుచీర పెండ్లిది. ఆ గులాబీలు నావి గావు. పద్దెనిమిది గేజి వాడత. బ్రాడ్‌గేజి అన్నప్పుడే నాకు సచ్చిపోవాలనిపిచ్చింది. బినామీ అని రాస్తరో, మంచం ఇరగ్గొట్టేదని రాస్తరో, మీ ఇష్టం. మంచం మాత్రం నాదే."

ఆయన నుదురు ముడిపడింది. "అది సరేనమ్మా. మంచం విరిగింది, ఒప్పుకున్నారు. రేపు బెంచీ విరిగి పిల్లలు పడితే? నేను దానికి సంతకం పెట్టాలి కదా."

నీలమ్మ శాంపిల్ బెంచీ దగ్గరికెళ్లి దాన్ని వెలుగులోకి ఈడ్చింది.

"అది కరెంటు మంచిగున్న దినం జేసిందా లేదా, నేను జూస్త," అంది సంగమ్మ. "నిన్న పడ్డదాన్ని నేను. నాకన్న ఎవలకు తెలుస్తది? రా వదినా!"

వియ్యపురాలు వెనక్కి తగ్గింది. "నేను కూసోనమ్మా! మల్ల పడుత!"

"పడితే ఇద్దరం పడుతం. రా!"

సంగమ్మ కూర్చుంది. వియ్యపురాలు దేవుణ్ని తలుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, అంగుళం అంగుళంగా కూర్చుంది. మూడు వందల బెంచీలు, మూడేళ్లు, ఝరాసంగం ఆడపిల్లలిద్దరు, అన్నీ ఆ ఇద్దరు వియ్యపురాళ్ల కిందే ఉన్నాయి. సూర్యనారాయణ వంగి అతుకుల వంక చూస్తున్నాడు. సంగమ్మ ముందుకూ వెనక్కూ ఊగింది. తర్వాత లేచి, దబ్బున మళ్లీ కూర్చుంది. బెంచీ కిక్కురుమనలేదు. కిక్కురుమన్నది వియ్యపురాలు ఒక్కతే.

"గట్టిగున్నది," అని తేల్చింది సంగమ్మ. "నీలమ్మా, నాకు మంచం గూడ ఇట్లనే జెయ్యి. ఆలస్యమైతే అయింది గాని."

సూర్యనారాయణ టేబులు దగ్గరికి వెళ్లాడు. ఇందాక రాసిన కాగితాన్ని ఫైల్లోంచి తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త కాగితం మీద నిలబడే రాశాడు. సంతకం పెట్టి, నీలమ్మ వైపు తిప్పాడు. "చదువుకుని ఓ సంతకం పెట్టండమ్మా."

నీలమ్మ చేతులు పట్టుచీరకు తుడుచుకుని చదివింది. మొదటి గడిలో ‘యూనిట్ అసలు యజమాని: శ్రీమతి నీలమ్మ’ అని ఉంది. పక్కన ‘ఆధారం’ అని ఒక గడి. ఇంకెవరికైనా అయితే అక్కడ కరెంటు బిల్లు అనో, అద్దె కాగితం అనో రాస్తారు. ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘వినియోగదారు నా సమక్షంలో గొడవకు వచ్చారు. అక్కడున్న మగవారందరూ యూనిట్ తమది కాదని చెప్పి దాక్కున్నారు. తప్పు తనదని ఒప్పుకున్నది ఈమె ఒక్కతే.’

నీలమ్మ రెండోసారి చదివింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. పెన్ను మూత తీసింది, సంతకం పెట్టింది, వెంటనే పట్టుచీర కొంగు నడుముకు చుట్టుకుని, కోడు తీసుకుని మిషను ముందు నేలమీద చతికిలబడి కూర్చుంది.